కూర వద్దన్న వాలంటీరు

మా బడికిచ్చిన వాలంటీరును ఏడాది నిండకుండానే మా దగ్గర్నుంచి తీసేశారు. ఎందుకు తీశారో చెప్పలేదు. నోటితో అడిగితే చెప్పలేదు. రాసి అడిగితే "పరిపాలనా కారణాల వల్ల" అని ఒక్క ముక్క పంపారు. ఆ ముక్కకు అర్థం మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. రాసినవాడికి తెలుసునని కూడా నేను నమ్మను.

ఇది తొంభైల చివరి మాట. అప్పటినుంచి ఆ ప్రశ్నను చంకలో పెట్టుకుని తిరిగాను. ఒంగోలులో అడిగాను, మండలంలో అడిగాను. బస్సులో పక్కన కూర్చున్న మనిషి ఫలానా ఆఫీసులో పనిచేస్తున్నానంటే ఆయన దిగేలోపు ఆయన్నీ అడిగాను. మా ఆవిడ దగ్గర ఇంకో ప్రశ్న ఉండేది. అది వంటింటి ప్రశ్న, దాని సంగతి తర్వాత వస్తుంది. ఈమధ్య చీరాల వెళ్ళినప్పుడు రెండింటికీ ఒక్కసారే జవాబు దొరికింది. దొరికాక ఆ అమ్మాయి గురించి రాయాలనిపించింది. పేరు మాత్రం రాయను. పేపర్లో వేయిస్తానని ఒకసారి నేనంటే, "నా పేరుతో పనేముంది బాబాయ్ గారూ, బడి పేరు వేయించండి" అన్న మనిషి.

దర్శి రోడ్డు మీద బస్సు దిగి పత్తిచేల మధ్యగా నడిస్తే మా ఊరు. బడిలో ఐదు తరగతులు. ఇద్దరు మాస్టర్లు ఉండాలి. రెండో మాస్టారు బదిలీ మీద వెళ్ళాక ఆ కుర్చీ అలాగే ఉండిపోయింది. మిగిలిన హెడ్మాస్టారు మంచివాడే. కానీ ఉన్నది ఒక్క గొంతు. ఆయన ఒకటో తరగతికి అఆలు దిద్దిస్తుంటే ఐదో తరగతి గోడ దూకి చేలల్లోకి పోయేది.

నేను బడిలో చదివినవాణ్ణి కాదు. మా నాన్నతో గుంటూరు యార్డుకు మిరపకాయలు తోలుకెళ్ళినప్పుడు బస్తాల మీద కొట్టిన మార్కా అక్షరాలు చూసి, అంగట్లో కట్టిచ్చిన పొట్లాం కాయితాలు విప్పి చదువు కూడబెట్టుకున్నవాణ్ణి. అలా నేర్చినవాడికి ఖాళీ కుర్చీ కనపడితే కడుపు మండుతుంది. అందుకని మాస్టారును వేయమని సోమవారం సోమవారం మండలానికి వెళ్ళేవాణ్ణి. అక్కడి గుమాస్తా నేను గుమ్మంలో కనపడగానే, "రాండి పెద్దాయనా, మీరు రాంది మాకు సోమవారం అని తెలవదు" అనేవాడు. అర్జీ తీసుకునేవాడు. కుర్చీ ఖాళీగానే ఉండేది.

అలా తిరుగుతుండగా ఒక కబురు తెలిసింది. చదువుకున్న ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ జాతీయ సేవ కింద రెండేళ్ళకని ఊళ్ళకు పంపుతున్నారట. ఏదో ఒక సంఘమో బడో వాళ్ళను తమ దగ్గర పెట్టుకుంటామని ఒప్పుకోవాలి. తిండి, పడక ఊరు చూసుకోవాలి. మా ఊరి యువజన సంఘానికి బోర్డు తప్ప మనుషులు లేరు. మా ఇంటి వసారా పక్క గదిలో నేను రెండు దినపత్రికలు, కాసిని పుస్తకాలు పెట్టి నడిపే పఠనమందిరం ఒకటి ఉండేది. దాని తరఫున నేనే ఒప్పుకున్నాను.

కొన్నాళ్ళకు ఆ అమ్మాయి వచ్చింది. చీరాల నేతవాళ్ళ పిల్ల. సన్నగా, పొడుగ్గా, భుజాన ఒక గుడ్డసంచితో బస్సు దిగింది. నన్ను చూసి నమస్కారం పెట్టింది, పెట్టిన చేతుల్తోనే నా చొక్కా చేతికి వేలాడుతున్న దారప్పోగును పట్టుకుంది. రెండు వేళ్ళు తిప్పింది, ముడి పడిపోయింది. "పీకితే కుట్టంతా ఊడిపోద్దండీ" అంది. అదీ ఆమె మాతో అన్న మొదటి మాట.

ఆ అలవాటు చివరిదాకా ఉంది. ఎవరి బట్టల మీద పోగు ఊగినా ఆమె వేళ్ళు అటే పోయేవి. హెడ్మాస్టారు పాఠం చెబుతుంటే ఆయన వెనక నిలబడి కండువా అంచు ముడేసేది. ఒకరోజు బడికి రాని పిల్లవాణ్ణి మర్నాడే వెతుక్కుంటూ పోయేది. ఒక్కరోజుకేనా ఇంత హడావుడి అని నేనంటే, "పోగు తెగితే మగ్గం ఆపాలి బాబాయ్ గారూ. కాసేపాగి చూద్దాంలే అనుకుంటే ఆ తప్పు చీర పొడుగునా పోద్ది" అనేది.

తిండి ఎట్టా అన్న ప్రశ్న వచ్చినప్పుడు మా తాతలనాటి వారాల పద్ధతి పెట్టాం. చదువుకోవడానికి పరాయి ఊరు వచ్చిన పేద పిల్లలకు పూర్వం రోజుకొక ఇంట్లో వంతు వేసి అన్నం పెట్టేవాళ్ళు. చదువు చెప్పడానికి వచ్చినవాళ్ళకు అలా పెట్టడం మా ఊరితోనే మొదలేమో. పడక మా ఇంట్లో. మధ్యాహ్నం భోజనం రోజుకొక ఇంట్లో. మా వంతు ఆదివారం. ఏ ఇంటావిడ ఏం వండుతుందోనని లోపల్లోపల పోటీ కూడా మొదలైంది.

ఆ పోటీ మీద మొదటి దెబ్బ బుధవారం ఇంట్లో పడింది. ఆ ఇంటావిడ మా ఆవిడకు వదిన వరస. వంటలో చెయ్యి తిరిగిన మనిషి, గుత్తివంకాయ చేసిందంటే పక్కవీధి వాళ్ళు గోడ మీంచి గిన్నె అందించేవాళ్ళు. ఆ రోజు గుత్తివంకాయే చేసింది. గరిటెతో వడ్డించబోతే అమ్మాయి ఎడమచెయ్యి తీసి కంచం మీద అడ్డంగా పెట్టింది.

"ఏం, వంకాయ పడదా?"

"వాసనకే నోరూరుతోందత్తా."

"మరి చెయ్యి తియ్యి."

"మీ రెండోది బడికి రావటంలా గదా. అదొచ్చిన్నాడు రెండుసార్లు వేయించుకుంటా. ఇవాళ్టికి పచ్చడి చాలు."

రెండో పిల్ల చంటివాణ్ణి ఎత్తుకుని అక్కడే గడపలో నిలబడి ఉంది. ఇంటాయన అన్నం ముద్ద చేతిలో పెట్టుకుని నవ్వాడంట. ఆవిడ నవ్వలేదు. మధ్యాహ్నమే మా ఇంటికొచ్చి మా ఆవిడ ముందు కూర్చుంది.

"మీ ఆయన తెచ్చిపెట్టిన పిల్ల నా కూర కాదంది. మా అత్త కాలం నుంచి మా ఇంట్లో చుట్టం పచ్చడితో లేచింది లేదు. పిల్లల సంగతి దానికెందుకు? అన్నం తిని పోవచ్చుగా."

"నాకు చెప్తావేంది వదినా, దాన్నే అడుగు" అంది మా ఆవిడ.

"అడిగాగా. చెప్పింది. అందుకే ఇంత మంట."

తర్వాత తెలిసింది, అమ్మాయి ప్రతి ఇంట్లోనూ ఇదే చేస్తోందని. బడి ఈడు పిల్లలు బడిలో ఉన్న ఇంట్లో సుష్టుగా తినేది, మారు అడిగి వేయించుకునేది. బిడ్డను చేలో కోతకో చంటిపిల్లల కాపలాకో ఆపేసిన ఇంట్లో ఎడమచెయ్యి కంచం మీదకు వచ్చేది. ఒక్కమాట గట్టిగా అనదు. అలగదు. ఉన్నంతసేపూ కబుర్లు చెప్తూ, నవ్వుతూ, పచ్చడన్నం తిని, కంచం తనే కడిగి బోర్లించి వెళ్ళేది. తిట్టిపోతే తిట్టి పంపవచ్చు. నవ్వుతూ పచ్చడి తినే మనిషిని ఏం చేయగలరు?

పదిరోజుల్లో అది చేతిపంపు దగ్గర మాటయింది.

"ఏం వదినా, నిన్న మీ ఇంట్లో పచ్చడి బాగా చెల్లిందంటగా."

"నీకెందుకమ్మా, నీ మంగళవారం సంగతి చూసుకో. మీ పెద్దది ఇంకా కల్లంలోనే ఉందిగా."

బుధవారం ఇల్లే ముందు దిగొచ్చింది. ఒకరోజు ఆవిడ రెండోదాన్ని రెక్కపట్టుకుని బడి గుమ్మందాకా లాక్కొచ్చింది. "ఇదిగో, తీసుకో. చంటోణ్ణి మా అత్త చూసుకుంటదిలే. రేపు బుధవారం చేపలపులుసు. వద్దన్నావో చూడు" అంది. మర్నాడు అమ్మాయి మూడుసార్లు వేయించుకుందని ఊరంతా చెప్పుకున్నారు. ఆవిడ మాత్రం నాలుగుసార్లని చెప్పేది.

నాకు ఆమె తీరు చూస్తే వింతగా ఉండేది. ఇన్నేళ్ళుగా నేను ఆఫీసుల మీద అరుస్తూ వచ్చాను. ఈ పిల్ల అరవకుండా పని జరిపించుకుంటోంది. ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నావని ఒకసారి అడిగాను. "మా అమ్మ దగ్గర. మా నాన్న మగ్గం దిగకుండా బీడీ తాగితే మా అమ్మ అన్నం మానేది కాదు. కూర మానేది. అన్నం మానితే జనం వస్తారు, కూర మానితే ఇంట్లోవాళ్ళకే తెలుస్తది అనేది" అంది. తర్వాత, "ఎదుటోళ్ళకి బాగా వచ్చిన పని ఏదో చూసి దాన్నే కదిలించాలి బాబాయ్ గారూ. అత్తకి వంట" అంది. నేను నవ్వాను.

మిరపకోతల కాలం వచ్చింది. ఆ నెలల్లో మా బడి ఏటా ఖాళీ అయ్యేది. ఆ ఏడు పిల్లలు పొద్దున్నే చేలో కాస్త కోసి, చేతులు మండుతూ బడికొచ్చేవాళ్ళు. ఆ చేతుల్తో పలక పట్టుకుంటే మంట, కళ్ళు నలుపుకుంటే ఏడుపు. అమ్మాయి గుమ్మంలో బేసిన్ పెట్టి మజ్జిగ పోసి, ఒక్కొక్కళ్ళ చేతులు ముంచి, తుడిచి లోపలికి పంపేది. మజ్జిగ మా ఇంటిది.

"బడికి పోసి పోసి మా ఆయన అన్నంలో నీళ్ళు పోస్తున్నానే" అనేది మా ఆవిడ.

"బాబాయ్ గారు గమనించలేదు గదా పిన్నీ."

"ఆయన పేపర్ చదువుతూ తింటాడు. సున్నం పోసినా తెలవదు."

అనడమే గానీ కవ్వం చప్పుడు తెల్లారకముందే మొదలయ్యేది. మా పిల్లలు పెళ్ళిళ్ళయి ఎవరి కాపురాల్లో వాళ్ళుండేవాళ్ళు. మా ఆవిడకు ఈ పిల్ల చేతికి దొరికింది. తలకు నూనె రాయడం, జడ వేయడం, తిట్టడం, అన్నీ దానితోనే. ఆదివారం మా వంతు కాబట్టి కోడికూర. మా ఇంట్లో ఆ పిల్ల చెయ్యి ఎప్పుడూ కంచం మీదకు రాలేదు. ఆ గౌరవం మా ఆవిడ చేతిపంపు దగ్గర దాచుకోలేదు.

నాకూ ఆ ఏడు హాయిగా గడిచింది. బడి నిండుగా ఉంది. రెండు గొంతులు రెండు గదుల్లోంచి వినపడుతుంటే పఠనమందిరం అరుగు మీద కూర్చుని పేపర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. పురుగుమందు ప్రకటనలు కూడా వదల్లేదు.

కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆ కాలంలో బడి నిండా పిల్లలుండటం చూసి ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. పిల్లలు ఎక్కాలు చెప్పారు, పద్యాలు చెప్పారు. బుధవారం ఇంటి రెండోది పేపర్ చదివి వినిపించింది. ఆయన రిజిస్టరు మూసి, "ఇక్కడ ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందులున్న ఊళ్ళు వేరే ఉన్నాయి" అన్నాడు. మా ఊరిని ఒక ఆఫీసరు మెచ్చుకోవడం నేనెరిగి అదే మొదలు. ఇంటికి తీసుకొచ్చి మజ్జిగ ఇచ్చి, బస్సుదాకా నడిచి సాగనంపాను.

తిరిగొస్తుంటే అమ్మాయి బడి గుమ్మంలో నిలబడి ఉంది. పైట కొస నుంచి పోగొకటి లాగి ముడేస్తోంది, విప్పుతోంది.

"ఏమన్నారు బాబాయ్ గారూ?"

"ఇబ్బంది లేదని రాసుకున్నాడమ్మా."

"మీరేమన్నా అడిగారా?"

"ఏముంది అడగడానికి? అంతా బాగుందిగా."

తల ఊపి లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక ఆదివారం, మా ఆవిడ కోడికూర వండి కంచాలు పెట్టింది. గరిటె దగ్గరికి రాగానే అమ్మాయి ఎడమచెయ్యి కంచం మీద అడ్డంగా పెట్టింది.

మా ఆవిడ హాస్యమనుకుంది. "మా ఇంట్లో బడి ఈడువాళ్ళు ఎవరే? నన్ను పంపుతావా, మీ బాబాయిని పంపుతావా?"

అమ్మాయి నవ్వింది. చెయ్యి తీయలేదు. "ఇవాళ గోంగూర పచ్చడి చాలు పిన్నీ" అంది. ఒంట్లో బాగాలేదా అంటే బాగానే ఉందంది. నా వైపు ఒకసారి చూసింది. గోంగూరతో తిని, కంచం కడిగి బోర్లించింది.

మర్నాడు పొద్దున్నే గుడ్డసంచి సర్దుకుని వసారాలోకొచ్చింది. ఆర్డరు వచ్చిందని, వేరే ఊరు వేశారని, బడి మొదలయ్యేలోపు వెళ్ళిపోతానని, పిల్లల్ని చూస్తే కదల్లేనని చెప్పింది. రెండేళ్ళకని పంపినవాళ్ళు ఏడాది తిరక్కముందే ఎట్టా తీస్తారని నేను అరుస్తూనే ఉన్నాను. మా ఆవిడ దాని తలకు నూనె రాసి జడ వేసింది. బస్సెక్కేముందు అమ్మాయి నా కండువా కొస పట్టుకుని చూసింది. ముడేయడానికి పోగు లేదనుకుంటాను, వదిలేసింది.

ఇంటికొచ్చాక మా ఆవిడ అంది. "పోతే పోయింది. ఆడపిల్ల ఎక్కడికో ఒకచోటికి పోవాల్సిందే. నా కూర ఎందుకు వద్దనాలి? నేనేం తప్పు చేశా?"

అదీ ఆవిడ ప్రశ్న. బుధవారం ఇంటి వదిన ఓదార్చడానికి వచ్చి, "పోనీలే, మాకైతే కారణం చెప్పి మానేసింది" అనిపోయింది. ఆ మాటతో మా ఆవిడ రెండ్రోజులు పొయ్యి వెలిగించలేదు.

నాకు వచ్చిన కోపం మాత్రం అంతా ఇంతా కాదు. ఆ సోమవారమే మండలానికి పోయాను. గుమాస్తా నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "ఏడాదిగా కనపడకపోతే కాశీ వెళ్ళారేమో అనుకున్నాం పెద్దాయనా" అన్నాడు.

"వచ్చాను. మా అమ్మాయిని తిరిగి పంపుతారా, మాస్టారును వేస్తారా?"

"ఆ అమ్మాయి మా ఆఫీసు కింద కాదండీ. ఒంగోలు వాళ్ళది."

"అయితే మాస్టారు మీ కిందే గదా."

ఒంగోలు వెళ్ళాను. అక్కడిచ్చిందే ఆ "పరిపాలనా కారణాల" ముక్క. అది తెచ్చి పఠనమందిరం గోడకు అంటించాను, ఊరంతా చదవాలని. మళ్ళీ మండలానికి పోయాను. ఈసారి బుధవారం ఇంటావిడ, మంగళవారం ఇంటావిడ, వారాలు పెట్టిన ఇళ్ళవాళ్ళందరూ పిల్లల్ని తీసుకుని ట్రాక్టరెక్కారు. పొద్దుటినుంచి ఆఫీసు వరండాలో కూర్చున్నాం. పిల్లలు ఎక్కాలు గట్టిగా చదివారు. లోపల పని జరగలేదు. బుధవారం ఆవిడ ఆఫీసరు గుమ్మంలో నిలబడి, "బాబూ, నేను బిడ్డను బడికి పంపింది గోడలు చూట్టానికి కాదు" అంది. నేను రాసిన అర్జీలన్నిటికంటే ఆ మాటే గట్టిగా తగిలిందనుకుంటాను.

బడులు మళ్ళీ తెరిచేనాటికి రెండో మాస్టారు వచ్చాడు. దర్శిలో కాపురం పెట్టి, సైకిలు మీద వచ్చి, చాలా ఏళ్ళు చేశాడు. ఆయన బదిలీ అయితే ఇంకొకాయన వచ్చాడు. ఆ కుర్చీ మళ్ళీ ఖాళీ కాలేదు. నా కోపం చల్లారలేదు. మాస్టారు వచ్చాడు సరే, ఆ అమ్మాయిని ఎందుకు తీశారు? చేతకాని పిల్ల అయితే తీసుకుపోవచ్చు. బంగారం లాంటి పిల్లను తీయడం ఏం న్యాయం?

ఏళ్ళు గడిచాయి. మొన్నామధ్య మనవరాలి ఓణీల వేడుకకు చీరలు కొనడానికి చీరాల వెళ్ళాం. నేత ఇళ్ళల్లో మగ్గం దగ్గరే చూసి కొనాలని మా ఆవిడ పట్టు. ఆమె అసలు పట్టు వేరని నాకు రెండో ఇంట్లో అర్థమైంది. చీర విప్పి చూపిస్తుంటే అంచు చూడకుండా, "అమ్మా, ఈ చుట్టుపక్కల కూర వద్దని కంచం మీద చెయ్యి అడ్డం పెట్టే పిల్ల ఎవరన్నా ఉందా?" అంటోంది. ఇదేం గుర్తు, పేరు చెప్పమని నేను విసుక్కునేలోపే ఆ ఇంటావిడ పడీపడీ నవ్వింది.

"టీచరమ్మా? మా ఇంట్లో ఎప్పుడు అన్నం పెట్టినా నెలరోజులు పచ్చడే తిందండీ. మా వాణ్ణి మగ్గం మీంచి దించి బడికి పంపిందాకా ఊరుకోలా. ఆ సందు చివరిల్లు."

వెళ్ళాం. గుమ్మంలోకొచ్చి మమ్మల్ని చూసింది. కాస్త ఒళ్ళు చేసింది, కణతల దగ్గర నెరిసింది. అక్కడి బడిలోనే టీచరట. "పిన్నీ" అని మా ఆవిడ చేతులు పట్టుకుంది. తర్వాత నా చొక్కా చూసింది, ఎక్కడో పోగు దొరికింది, ముడేసింది. భోజనం చేయకుండా కదలనివ్వనంది. ఆదివారం కాకపోయినా కోడికూర వండింది.

కంచాలు పెట్టింది. గరిటె తీసుకుని వంగింది. మా ఆవిడ ఎడమచెయ్యి తీసి కంచం మీద అడ్డంగా పెట్టింది.

"ఏంది పిన్నీ ఇది?"

"ముందు జవాబు చెప్పు. ఆ ఆదివారం నా కూర ఎందుకు వద్దన్నావు? మా ఇంట్లో బడి ఎగ్గొట్టింది ఎవరు?"

"నాదీ అడుగు" అన్నాను నేను. "ఆ ఆఫీసువాళ్ళు నిన్నెందుకు తీసుకుపోయారు? ఇంతవరకు చెప్పలా."

ఆ అమ్మాయి గరిటె గిన్నెలో పెట్టింది. మా ఇద్దరికీ ఎదురుగా కింద కూర్చుంది. మా ఆవిడ చెయ్యి వైపు చూసి నవ్వి, నా వైపు తిరిగి చెప్పింది.

"రెండూ ఒకటే బాబాయ్ గారూ. వాళ్ళు తీసుకుపోలా, నేనే అడిగి పోయా, మీకు చెప్పొద్దని కూడా నేనే అన్నా. నేను రాకముందు మీరు మాస్టారు కోసం సోమవారం సోమవారం మండలానికి పోయేవాళ్ళంట. నేనొచ్చాక మీరు మానేశారు. ఇన్‌స్పెక్టరుగారు ఇబ్బంది లేదని రాసుకుపోతుంటే మజ్జిగిచ్చి బస్సెక్కించారు. నేనుండేది రెండేళ్ళే, ఆ తర్వాత పిల్లలకి ఎవరున్నారు? మీ ఇంట్లో ఎగ్గొట్టింది మీరే, అందుకే కూర వద్దన్నా. చెప్తే మీరు పోనిచ్చేవాళ్ళా? పిన్ని ఏడ్చేది, నేనుండిపోయేదాన్ని. అత్తకి వంట, మీకు కోపం. మీకు కోపమొస్తేగాని ఆ కుర్చీలోకి మనిషి రాడని నాకు తెలుసు. వచ్చాడుగా. ఇంక పిన్నిని చెయ్యి తియ్యమనండి, కూర చల్లారిపోతంది."